పాఠకుల ప్రశ్నలు: పరిశ్రమ వెళ్ళిపోయాక ఊరు ఎవరిది?

కెనడాలో ఒకే గని మీదనో, ఒకే మిల్లు మీదనో ఆధారపడి బతికిన చిన్న ఊళ్ళు ఆ ఆధారం పోయాక ఏమయ్యాయో చెబుతూ గత సంచికలో ఒక చిన్న వ్యాసం ప్రచురించాము. దానికి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం బొగ్గుబాయిల ప్రాంతం నుంచి, తీర గ్రామాల నుంచి రావడం మమ్మల్ని పెద్దగా ఆశ్చర్యపరచలేదు. స్థలాభావం వల్ల కొన్నిటికే జవాబు ఇవ్వగలుగుతున్నాము.

ప్రశ్న: కెనడాలో ఒక ఊరు గోడల మీద బొమ్మలు వేయించుకుని బతికి బట్టకట్టిందని రాశారు. మా ఊళ్ళోనూ మునిసిపాలిటీవారు గోడలకు రంగులు వేయించి బొమ్మలు గీయించారు గానీ, వాటిని చూడడానికి పక్క వీధివారు కూడా రారు. అసలు అక్కడ జరిగినదేమిటి? (ఒక పాఠకుడు, బెల్లంపల్లి)

జవాబు: ఆ ఊరి పేరు షెమేనస్. కెనడా పశ్చిమ తీరాన, బ్రిటిష్ కొలంబియా రాష్ట్రానికి చెందిన వాంకూవర్ దీవి తూర్పు ఒడ్డున ఉంది. 1862 నుంచి అక్కడ కలప కోత మిల్లు నడిచింది. మిల్లు తరువాత మిల్లు కట్టారు, యజమానులు మారారు, ఊరి జీతం మాత్రం ఆ ఒక్క గేటులోంచే వచ్చేది. 1980ల మొదట్లో వచ్చిన ఆర్థిక మాంద్యంలో ఇళ్ళ నిర్మాణం మందగించి కలపకు గిరాకీ పడిపోయింది. మిల్లు పాతదైపోయిందని చెప్పి మాక్‌మిలన్ బ్లోడెల్ కంపెనీ 1983లో దానిని మూసివేసింది.

ఇక్కడ మీరు గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. మొదటి ఐదు కుడ్యచిత్రాలు 1982లోనే, అంటే మిల్లు గేటు మూసుకోకముందే పూర్తయ్యాయి. కార్ల్ షుట్జ్ అనే జర్మన్ వలసదారు అక్కడ స్థిరపడి వ్యాపారం చేసుకునేవాడు. ఆయన 1970లలో రుమేనియా వెళ్ళినప్పుడు, అక్కడి మఠాల బయటి గోడల నిండా శతాబ్దాల నాటి బొమ్మలు ఉండడమూ, వాటిని చూడడానికి జనం దూరదేశాల నుంచి రావడమూ గమనించాడు. తిరిగి వచ్చి ఊరివారికి చెబితే తొలుత పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. పదేళ్ళ తరువాత ఊరి నడిబొడ్డును బాగుచేసుకోవడానికి రాష్ట్ర ప్రభుత్వం నిధులు ఇచ్చినప్పుడు ఆ పాత ఆలోచనకు ప్రాణం వచ్చింది. నేడు అక్కడ నలభైకి పైగా కుడ్యచిత్రాలు ఉన్నాయి.

ఆ బొమ్మలలో ఉన్నది ఆ ఊరి కథే. మానులను లాగిన ఆవిరి యంత్రాలు, అడవి కూలీలు, ఆ నేలకు అసలు వారసులైన ఆదివాసులు, ఓడలకు కలప ఎత్తిన చైనా కార్మికులు ఆ గోడలమీద కనిపిస్తారు. మీ ఊరి గోడల మీద ఏమి గీశారో మాకు తెలియదు. పులి, నెమలి, స్వచ్ఛత గురించిన నినాదం గీసి ఉంటే, వాటిని చూడడానికి పక్క వీధివారు రాకపోవడంలో వింతేమీ లేదు. అవి ఏ ఊరి గోడ మీదనైనా ఉండేవే. మీ తాతగారు దిగిన బాయి, ఆయన చేతి దీపం, తట్ట మోసిన ఆడవారు ఆ గోడ మీద ఉంటే కనీసం మీ వీధివారైనా ఒకసారి నిలబడి చూస్తారేమో.

అయితే బొమ్మలు మాత్రమే షెమేనస్‌ను నిలబెట్టాయని చెబితే అది సగం నిజమే అవుతుంది. ఆ ఊరు విక్టోరియా, నానైమో నగరాల మధ్య, పర్యాటకుల కార్లు ఎలాగూ తిరిగే దారికి దగ్గరగా ఉంది. 1993లో అక్కడ ఒక నాటకశాల మొదలై, సాయంత్రం ఆట చూసినవారు రాత్రికి అక్కడే బస చేసేలా చేసింది. అన్నిటికంటే ముఖ్యంగా, 1985లో అదే చోట కొత్త మిల్లు వచ్చింది. యంత్రాలు ఎక్కువ, మనుషులు చాలా తక్కువ. అంటే ఊరు కోల్పోయినది కలప పరిశ్రమను కాదు, కలప పరిశ్రమలోని ఉద్యోగాలను. మిల్లులో యూనియన్ జీతం అందుకున్న మనిషికీ, కాఫీ దుకాణంలో గంటల లెక్కన పనిచేసే అతని కూతురికీ మధ్య ఉన్న తేడాను ఏ చిత్రకారుడూ పూడ్చలేదు. ఊరు బతికింది గానీ, పాత జీతంతో బతకలేదు.

ప్రశ్న: మా ఇల్లందులో 1889లోనే బొగ్గు తీయడం మొదలైంది. బాయి మూతపడితే కార్మికులను మరో ఏరియాకు బదిలీ చేస్తారు, క్వార్టర్లు తలుపులు ఊడి, పైకప్పులు కూలి పాడుబడతాయి. నేను ముప్ఫై రెండేళ్ళు అలాంటి క్వార్టర్‌లోనే ఉండి పదవీ విరమణ చేసినవాడిని. కెనడాలో గనులు మూసేసిన కంపెనీలు ఇళ్ళను ఏమి చేశాయి? (విశ్రాంత గని ఉద్యోగి, ఇల్లందు)

జవాబు: ఈ నెల వచ్చిన ఉత్తరాలలో అసలు విషయాన్ని పట్టుకున్న ప్రశ్న మీదే. గని మూతపడ్డాక ఊరికి మిగిలేవి ఒక గొయ్యి, ఒక గుట్ట, కొన్ని వందల ఇళ్ళు. ఆ ఇళ్ళు ఎవరి చేతికి పోయాయన్న దాన్నిబట్టే చాలాచోట్ల ఊరి తలరాత తేలిపోయింది.

ఒంటారియో రాష్ట్రంలోని ఎలియట్ లేక్ కథ వినండి. 1953లో ఆ ప్రాంతంలో యురేనియం దొరికింది. 1955లో అడవి మధ్యలో, గీసుకున్న నక్షా ప్రకారం ఒక కొత్త పట్టణం వెలిసింది. కొనేది ప్రధానంగా అమెరికా, అదీ అణుబాంబుల కోసం. ఐదేళ్ళు తిరగకుండానే జనాభా పాతికవేలకు చేరింది. 1959లో అమెరికా ఒప్పందాలను పొడిగించబోమని చెప్పేసింది. 1960ల మధ్యకు ఊళ్ళో ఏడువేల మంది కూడా మిగలలేదు. తరువాత ఒంటారియో విద్యుత్ సంస్థ తన అణు కేంద్రాలకు యురేనియం కొంటానని దీర్ఘకాలిక ఒప్పందాలు చేసుకోవడంతో ఊరు రెండోసారి నిండింది. బయట చవకగా దొరుకుతుంటే ఇక్కడ ఎక్కువ ధర ఎందుకు పెట్టాలన్న ప్రశ్న వచ్చేసరికి, 1990 నుంచి గనులు వరుసగా మూతపడ్డాయి. చివరిది 1996లో ఆగింది.

అప్పుడు ఊరి చేతిలో ఉన్నవి ఖాళీ ఇళ్ళు. గని కుటుంబాల కోసం కంపెనీలు కట్టించిన ఇళ్ళు, అపార్ట్‌మెంట్లు. వాటిని తీసుకుని నడపడానికి లాభాపేక్ష లేని సంస్థ ఒకటి ఏర్పడింది. ఆ సంస్థ టొరంటో వంటి నగరాలలో పింఛను మీద బతికే వృద్ధులకు, మా ఊరికి రండి, మీరు కడుతున్న అద్దెలో కొద్ది భాగానికే ఇల్లు ఇస్తాము, చెరువులు ఉన్నాయి, చేపలు పట్టుకోవచ్చు, ఆసుపత్రి ఉంది అని చెప్పుకుంది. వారు వేలల్లో వచ్చారు. పింఛను ప్రతి నెలా వస్తుంది, అంతర్జాతీయ మార్కెట్లో యురేనియం ధర పడిపోయినా ఆగదు. గని జీతానికి బదులు ముసలివారి పింఛనును ఊరికి ఆదాయంగా మార్చుకోవడం మాటల్లో చెప్పినంత తేలిక కాదు. కానీ 2021 జనగణనలో కూడా అక్కడ 11,372 మంది ఉన్నారు. గనులు పోయి పాతికేళ్ళు దాటిన ఊరికి అది చిన్న సంఖ్య కాదు.

ఇళ్ళు ఊరి చేతికి రాని చోట ఏమి జరిగిందో చూస్తే తేడా తెలుస్తుంది. సస్కాచివాన్ రాష్ట్రపు ఉత్తర కొసన ఉన్న యురేనియం సిటీకి ఏడాది పొడవునా నడిచే రోడ్డు లేదు. 1982లో అక్కడి గని మూతపడగానే, సుమారు రెండున్నర వేల జనాభా కొద్ది నెలల్లో చెల్లాచెదురై, నేడు వందకు లోపే మిగిలింది. బ్రిటిష్ కొలంబియా ఉత్తరాన, సిమెంటు రేకులలో కలిపే రాతినార తీసిన కాసియార్ 1992లో మూతపడినప్పుడు ఇళ్ళను, సామాన్లను వేలం వేశారు. కొన్నవారు ఇళ్ళను ఊడదీసి లారీల మీద పట్టుకుపోయారు. ఊరు మొత్తం వేలంలో పోవడమంటే ఇదే. అదే రాష్ట్రంలో కిట్సాల్ట్ అనే ఊరిది మరీ విచిత్రమైన కథ. మాలిబ్డినం అనే లోహపు గని కోసం వెయ్యికి పైగా జనాభాకు సరిపడా బడి, ఆసుపత్రి, దుకాణాలతో కట్టిన ఆ పట్టణం ఏడాదిన్నర తిరగకుండానే 1982లో ఖాళీ అయింది. ఇరవై ఏళ్ళు దాటాక దానిని భారతదేశంలో పుట్టిన ఒక వ్యాపారి మొత్తంగా కొనేశాడు. ఇళ్ళు, పచ్చిక చెక్కుచెదరకుండా చూసుకుంటున్నారు గానీ, కాపురాలు లేవు.

ఎలియట్ లేక్‌ను ఆదర్శ గ్రామంగా చిత్రించడం మా ఉద్దేశం కాదు. వయసు మీరినవారు ఎక్కువైన ఊరికి వైద్యులు ఎక్కువమంది కావాలి, అడవి మధ్యకు వైద్యులు తేలికగా రారు. గనుల కాలంలో కట్టిన భవనాల వయసూ పెరుగుతుంది. పైకప్పునే కార్ల పార్కింగుగా వాడిన అక్కడి మాల్ ఏళ్ళ తరబడి నీరు కారింది. శీతాకాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు కార్లతో పాటు వచ్చి, ఆ ఉప్పునీరు దిగి ఉక్కు అతుకులను తినేసింది. 2012 జూన్ 23న ఆ కప్పు కూలి ఇద్దరు స్త్రీలు మరణించారు. దానిమీద జరిగిన న్యాయ విచారణ, కట్టినప్పటి నుంచీ కారుతున్న కప్పును ఎవరూ సరిగా పట్టించుకోకపోవడాన్ని వరుసగా బయటపెట్టింది. ఇక గనుల వ్యర్థాలు పది కోట్ల టన్నులకు పైనే అక్కడ ఉన్నాయి. వాటిని నీటి కింద, కట్టల వెనుక ఉంచి తరతరాలు కాపలా కాయవలసిందే. ఆ నీరు పారే దిగువన సర్పెంట్ రివర్ ఆదివాసులు ఉన్నారు. గని లాభంలో వారికి దక్కినది స్వల్పం, మురుగులో మాత్రం ముందు వాటా వారిదే.

గని ఉద్యోగిగా మీకు నచ్చే ముక్క ఒకటి చెప్పి ఈ జవాబు ముగిస్తాము. 1974లో ఎలియట్ లేక్ కార్మికులు, తమకు ఊపిరితిత్తుల జబ్బులు, క్యాన్సర్ వస్తున్నాయని, ఆ సంగతి తమకు చెప్పడం లేదని, చట్టం అనుమతించని సమ్మెకు దిగారు. దాని ఫలితంగా ఏర్పడిన విచారణ సంఘం నివేదిక ఆధారంగానే, ప్రమాదకరమైన పనిని నిరాకరించే హక్కు ఒంటారియో కార్మికులందరికీ దక్కింది. ఊరిలో గని లేదు, ఆ హక్కు మాత్రం రాష్ట్రమంతటా ఉంది.

ప్రశ్న: కెనడాలో ఒక ఊరు తన పేరే మార్చుకుందని విన్నాము. ఆ ఊరి పేరు మా ఇంటి పైకప్పు పేరేనట, నిజమేనా? (ఒక గృహిణి, నల్గొండ)

జవాబు: నిజమే. క్యూబెక్ రాష్ట్రంలోని ఆ ఊరి పాత పేరు ఆస్బెస్టాస్, అంటే రాతినార. మన సిమెంటు రేకులలో కలిపే నార అదే. పేరుకు పోలిక మాత్రమే కాదు, ఆ ఊరి గనికీ మన ఇళ్ళకూ నిజమైన సంబంధం కూడా ఉంది. తమ దేశంలో వాడకం దాదాపు ఆగిపోయిన తరువాత కూడా కెనడా రాతినారను తవ్వి ఎగుమతి చేస్తూనే వచ్చింది. కొన్న దేశాలలో భారతదేశం ముందు వరుసలో ఉండేది.

అక్కడి జెఫ్రీ గని సుమారు రెండు కిలోమీటర్ల వెడల్పు, 350 మీటర్ల లోతు ఉన్న గొయ్యి. దానిని వెడల్పు చేసినప్పుడల్లా ఊళ్ళోని కొన్ని వీధులు అందులో కలిసిపోయాయి. ఊరిని పుట్టించిన గనే ఊరిని తిన్నదన్నమాట. దుమ్ము తగ్గించాలన్నది కూడా ఒక కోరికగా 1949లో అక్కడి కార్మికులు నెలల తరబడి చేసిన సమ్మె క్యూబెక్ చరిత్రలో పెద్ద మలుపు. 2011లో పని ఆగింది. దానిని తిరిగి తెరిపించడానికి 5 కోట్ల 80 లక్షల డాలర్ల అప్పు ఇస్తామని 2012లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం మాట ఇచ్చింది. అదే ఏడాది ఎన్నికలలో గెలిచిన కొత్త ప్రభుత్వం ఆ మాటను రద్దు చేసింది. కెనడా 2018లో రాతినారను నిషేధించింది.

ఊరి పేరు చెప్పగానే ఎదుటివారు జంకుతున్నారని, బయటి వ్యాపారులు రావడం లేదని నాయకులు అనుకున్నారు. 2020లో ముందుగా ప్రకటించిన పేర్ల జాబితా జనానికి నచ్చలేదు. కొత్త జాబితా తెచ్చి, కోవిడ్ రోజులు కాబట్టి కార్లలోంచే ఓటు వేయించారు. పద్నాలుగేళ్ళు నిండిన పిల్లలకు కూడా ఓటు ఇచ్చారు. మాకు అన్నిటికంటే నచ్చిన సంగతి అదే, ఎందుకంటే ఆ పేరుతో ఎక్కువ కాలం బతకవలసినవారు వాళ్ళే. గెలిచిన పేరు వాల్ దె సూర్స్, ఊటల లోయ అని చెప్పుకోవచ్చు. దానికి వచ్చిన మద్దతు సగానికి కొంచెమే ఎక్కువ. తాతలు ఏ పేరు చెప్పుకుని బతికారో ఆ పేరును ఎందుకు దాచాలన్నవారు తక్కువమందేమీ కాదు. వారిని వెనుకబడినవారని తోసిపుచ్చడం న్యాయం కాదు.

మీ ఇంటి సంగతి. రేకు పగలకుండా ఉన్నంతకాలం నార గాలిలో కలిసే అవకాశం తక్కువ. దానిని కోయడం, రంధ్రాలు చేయడం, పొడిగా గీకడం, పగిలిన ముక్కలను పొడి చేసి వాడుకోవడం మాత్రం చేయకండి.

ప్రశ్న: మాకు ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. భృతి చేతికి వచ్చేలోగా అప్పు పుడుతుంది. కెనడాలో ముప్ఫై ఏళ్ళకు పైగా వేట ఆపారని మీరు రాసినది అచ్చు తప్పా? (మత్స్యకార సహకార సంఘం సభ్యుడు, ఉప్పాడ)

జవాబు: అచ్చు తప్పు కాదు. కెనడా తూర్పు కొసన ఉన్న న్యూఫౌండ్‌లాండ్‌లో ఐదు వందల ఏళ్ళు కాడ్ అనే చేపే బతుకు. 1960లలో విదేశీ ఓడలు, పట్టిన చేపను సముద్రం మీదనే శుద్ధి చేసి గడ్డకట్టించే పెద్ద ఓడలు వచ్చి పడ్డాయి. 1968లో ఒక్క ఉత్తర కాడ్‌నే సుమారు 8 లక్షల టన్నులు పట్టారు. 1977లో కెనడా తన సముద్ర హద్దును 200 నాటికల్ మైళ్ళకు పెంచి విదేశీయులను పంపించివేసింది గానీ, వారి చోటులోకి సొంత ట్రాలర్లను దింపింది. ఒడ్డున చిన్న పడవల మీద వేటాడేవారు చేప తగ్గుతోందని, వచ్చేది చిన్నదవుతోందని 1980లలోనే మొత్తుకున్నారు. ప్రభుత్వ లెక్కలు చేప నిండుగా ఉందన్నాయి. మీ సంఘంలో ఇలాంటి సంభాషణ ఎన్నిసార్లు జరిగి ఉంటుందో మీకే బాగా తెలుసు.

1992 జూలై 2న మత్స్యశాఖ మంత్రి జాన్ క్రాస్బీ రెండేళ్ళపాటు కాడ్ వేట ఆపుతున్నట్టు ప్రకటించాడు. దాదాపు ముప్ఫై వేలమంది పని ఒక్కరోజులో పోయింది. ఆ రెండేళ్ళు ముప్ఫై రెండేళ్ళయ్యాయి. 2024లో నిషేధం ఎత్తివేసి 18,000 టన్నులకు అనుమతి ఇచ్చారు, అదీ తొందరపాటేనన్న విమర్శల మధ్య. నిషేధ కాలంలో ప్రభుత్వం కొన్నేళ్ళు భృతి, కొత్త పనులలో శిక్షణ ఇచ్చింది. యువత మాత్రం విమానమెక్కి అల్బర్టా చమురు క్షేత్రాలకు పోయింది. ఒకప్పుడు 5,80,000 ఉన్న ఆ రాష్ట్ర జనాభా పదిహేనేళ్ళలో 5,10,000 దాకా పడిపోయింది.

ఇందులో ఫోగో అనే దీవి సంగతి మీకు ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే దానిని నిలబెట్టినది మీలాంటి సంఘమే. నేడు రెండువేల పైచిలుకు జనాభా ఉన్న ఆ దీవిని ఖాళీ చేసి జనాన్ని పెద్ద ఊళ్ళకు తరలించాలని 1960లలో ప్రభుత్వం ఒత్తిడి తెచ్చింది. ఆ రోజుల్లో అలా వందల తీర గ్రామాలు ఖాళీ అయ్యాయి. 1967లో కెనడా జాతీయ చలనచిత్ర సంస్థవారు విశ్వవిద్యాలయ సిబ్బందితో కలిసి ఫోగో వెళ్ళి, ఒక్కొక్క పల్లెలో జనం మాట్లాడినది చిత్రించి, పక్క పల్లెవారికి చూపించారు. వేర్వేరు పల్లెలలో, వేర్వేరు చర్చిలలో విడివిడిగా బతికినవారు తమ కష్టం ఒక్కటేనని తెరమీద చూసుకున్నారు. కదలబోమని నిశ్చయించుకుని సహకార సంఘం పెట్టుకుని, పడవలు కట్టుకుని, చేపల శుద్ధి కర్మాగారాలను తామే నడుపుకున్నారు. కాడ్ పోయిన 1992 తరువాత ఆ సంఘమే పీతలకు, రొయ్యలకు మళ్ళింది. సొంత కర్మాగారం ఉంది కాబట్టి మళ్ళగలిగింది. యజమాని బయటివాడైతే తాళం వేసుకుని పోయేవాడు.

ఈ మధ్య ఫోగో పేరు ప్రపంచమంతా వినబడుతున్నది మాత్రం ఒక హోటల్ వల్ల. ఆ దీవిలో పుట్టి, ఆప్టిక్ ఫైబర్ పరిశ్రమలో బాగా సంపాదించిన జీటా కాబ్ అనే ఆమె తన సోదరులతో కలిసి షోర్‌ఫాస్ట్ అనే ధర్మసంస్థ పెట్టింది. ఆ సంస్థ 2013లో, రాళ్ళ మీద గుంజలు నిలిపి, 29 గదుల సత్రాన్ని కట్టించింది. ఒక రాత్రి బస ఖరీదు మన లెక్కలో లక్ష రూపాయలు దాటుతుంది. మిగులు ఎవరి జేబులోకీ పోకుండా దీవికే తిరిగి రావాలన్నది నియమం. మంచాలు, కుర్చీలు, బొంతలు దీవివారి చేతిపనులే. ఒక్క ధనవంతురాలి ప్రేమ మీద నిలిచిన ఏర్పాటు ఎంతకాలం సాగుతుందన్న అనుమానం మాకు లేకపోలేదు. కానీ ఆమె డబ్బు తేకముందు నాలుగు దశాబ్దాలపాటు ఆ దీవిలో జనాన్ని ఉంచినది సహకార సంఘమన్నది మరువకూడదు.

అలాగని పీతలను నమ్ముకుంటే నిశ్చింత అనుకోకండి. 2023 వసంతంలో పీత ధర పడిపోయినప్పుడు న్యూఫౌండ్‌లాండ్ మత్స్యకారులు ఆ ధరకు వేటాడబోమని వారాల తరబడి పడవలు కదల్చలేదు.

ప్రశ్న: మూసేసిన గని మీద సౌర విద్యుత్తు తీసే ఊరు ఉందా? (విద్యార్థి, నంద్యాల)

జవాబు: ఉంది. బ్రిటిష్ కొలంబియాలోని కింబర్లీ. సీసం, జింకు తీసిన అక్కడి సలివన్ గని 92 ఏళ్ళు నడిచి 2001 డిసెంబరులో ఆగింది. ఖనిజం ఎప్పటికి అయిపోతుందో చాలా ముందే తెలుసు కాబట్టి, 1970లలోనే ఊరు జర్మనీలోని బవేరియా వేషం వేసుకుంది. చెక్క బాల్కనీలు, నడివీధిలో పెద్ద కోయిల గడియారం. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం విన్నాము గానీ, తమది కాని చెట్టు పేరు చెప్పడం ఇక్కడే చూస్తున్నాము. ఇప్పుడు ఆ వేషం కొంత పలచబడింది, కొండ మీద మంచు ఆటలు మాత్రం కొనసాగుతున్నాయి. గని స్థలంలో 2015లో మునిసిపాలిటీ సొంతంగా 1.05 మెగావాట్ల సౌర కేంద్రం పెట్టింది. మీ దగ్గరి సౌర పార్కు 1,000 మెగావాట్లది కాబట్టి మీకు నవ్వు రావచ్చు. ఆ చిన్న కేంద్రాన్ని కూడా 2020లో పాత గని కంపెనీకే అమ్మేశారు.

ప్రశ్న: మా అబ్బాయి ఉత్తర ఒంటారియోలో ఒక గనుల పట్టణంలో కాలేజీ చదువు పూర్తిచేశాడు. టొరంటో వెళ్ళకుండా అక్కడే ఉంటే శాశ్వత నివాసం తేలిక అంటున్నాడు. ఆ ఊళ్ళకు మనవాళ్ళతో ఏమి పని? అక్కడ ఉండమని చెప్పమంటారా? (ఒక తండ్రి, గుంటూరు)

జవాబు: మీ అబ్బాయి గాలిమాట చెప్పడం లేదు. పిల్లలు వెళ్ళిపోయి, ఉన్నవారు ముసలివారైపోతున్న చిన్న ఊళ్ళకు పనిచేసే వయసువారు కావాలి. ఆ అవసరం కోసమే కెనడా ప్రభుత్వం 2019లో పదకొండు ప్రాంతాలతో ఒక ప్రయోగాత్మక వలస పథకం తెచ్చింది. అది ముగిశాక, 2025లో పద్నాలుగు ప్రాంతాలతో దాని వంటిదే మరొకటి మొదలుపెట్టింది. ఒంటారియోలోని టిమిన్స్, సడ్‌బరీ, సూ సెయింట్ మరీ, థండర్ బే, నార్త్ బే రెండింటిలోనూ ఉన్నాయి. ఆ ప్రాంతంలో గుర్తింపు పొందిన యజమాని నుంచి ఉద్యోగం ఖాయం కావాలి, ఆ ప్రాంతపు సంస్థ సిఫారసు చేయాలి. ఇవి సంఖ్య మితంగా ఉండే పథకాలు, నిబంధనలు మారుతూ ఉంటాయి. కాబట్టి అబ్బాయి ప్రభుత్వ ప్రకటననే స్వయంగా చదువుకోవాలి. ఉద్యోగ పత్రం అమ్ముతామనేవారి గడప తొక్కకూడదు. అది నేరం కూడా.

మీ రెండో ప్రశ్నకు సూటిగా జవాబు ఇవ్వడం కష్టం. గనులలో, కలపలో ఉద్యోగాలు తగ్గిన ఊళ్ళలో గత పదేళ్ళలో కాలేజీలే పెద్ద ఆధారమయ్యాయి. స్థానికుల కంటే ఎన్నో రెట్లు ఫీజు కట్టే విదేశీ విద్యార్థులు, అందులో మన రాష్ట్రాల పిల్లలు, ఆ ఊళ్ళలో ఇళ్ళ అద్దెలకు, బస్సులకు, రాత్రి పూట కౌంటరు దగ్గర నిలబడే పనులకు ఊపిరి పోశారు. 2024 జనవరిలో ప్రభుత్వం విద్యార్థి అనుమతులకు పరిమితి విధించి, ముందు ఏడాది కంటే మూడో వంతుకు పైగా తగ్గించింది. దానితో కాలేజీలు కోర్సులు ఎత్తివేయడం, సిబ్బందిని తగ్గించడం మొదలైంది. 1959లో ఎలియట్ లేక్‌కు అమెరికా నుంచి వచ్చిన కబురుకూ దీనికీ పోలిక మాకు స్పష్టంగానే కనిపిస్తోంది. కొనేవాడు ఒక్కడే, ఆ నిర్ణయం ఊరి చేతిలో లేదు.

కాబట్టి మీ అబ్బాయిని అడగవలసినవి వేరే ఉన్నాయి. అతనికి వచ్చే ఉద్యోగం విద్యార్థుల రాక మీద ఆధారపడినదా, లేక ఆసుపత్రి, వృద్ధుల సంరక్షణ, విద్యుత్తు, గని యంత్రాల మరమ్మతు వంటి, ఊరు ఉన్నంతకాలం ఉండే పనా? ఆ యజమాని ఊళ్ళోవాడా? ఇల్లు కొనాలనుకుంటే తొందరపడవద్దనండి. అలాంటి చోట ఇల్లు చవకగా కొనవచ్చు గానీ, గని ఆగిన ఏడాది దానిని అమ్మడానికి కొనేవాడు దొరకడు. ఎలియట్ లేక్‌లో రెండుసార్లు అదే జరిగింది. చలి సంగతి మేము చెప్పనక్కరలేదు, అది అతనికి ఈపాటికి తెలిసే ఉంటుంది. రెండు శీతాకాలాలు గడిపిన తరువాత కూడా అక్కడే ఉంటానంటున్నాడంటే, ఆ ఊళ్ళో అతనికి మనుషులు దొరికి ఉంటారు. ఉద్యోగం గురించి అడిగాక, ఆ మనుషుల గురించి కూడా ఒకసారి అడగండి.